కట్టెబొమ్మ అని రాసుకో

పుచ్చగింజ పొట్టు ముందు సీటు కిందికి ఊసి, వగ్దీ మళ్లీ వాచీ చూసుకున్నాడు. కైరో నడిబొడ్డున ఉన్న పాత సినిమా హాల్లో పత్రికల వాళ్లకోసం వేసిన పొద్దుటి ఆట అది. సాయంకాల పత్రికకు సమీక్షలు రాసీ రాసీ అతని నడుం లావెక్కింది, జుట్టు పలచబడింది. ఓపిక మాత్రం ఏనాడూ లేదు. పక్కసీట్లో భార్య ఇన్సాఫ్, అతని కోటు ఒళ్లో పెట్టుకుని, మెడ కదపకుండా తెర వంక చూస్తోంది.

తెర మీద ఒక మొగుడు, ఒక పెళ్లాం, ఒక ఇల్లు. అంతే. మొగుడు అరవడు, కొట్టడు. ఆమె తాళాలు తనే దాచి, "పాపం, నీకు మతిమరుపు" అంటాడు. ఆమె ఏదన్నా చెప్పబోతే నలుగురిలో నవ్వి తీసిపారేస్తాడు. నాయిక వేషం వేసిన దుర్రియా రోజూ చక్కెర వేసి కాఫీ కాచి అతని ముందు పెడుతుంది. రెండు గంటలుగా అదే పని.

"పోస్టరు మీద ఉత్కంఠట, ఉత్కంఠ! ఎప్పుడైపోతుందా అని నాకే ఉంది" అని గొణిగాడు వగ్దీ.

చివర్లో దుర్రియా కాఫీ పెట్టి, ఎదురుగా కూర్చుంది. మొగుడు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. "చక్కెర ఏదీ?" అన్నాడు. ఆమె రెప్ప వాల్చకుండా అతన్నే చూసింది. తెర నల్లబడింది.

"ఇంత సాగదీసి, చక్కెర మరిచిపోయిందట! మొగుడన్నది నిజమేగా!" హాలంతా వినబడేలా అన్నాడు వగ్దీ. ఇన్సాఫ్ తల తిప్పి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది.

గుమ్మం దగ్గర ఇంకో పత్రికాయన గౌరవంగా పలకరించాడు. "మేడమ్‌కి ఎలా అనిపించింది, ఉస్తాజ్?"

"ఆవిడకా? హాయిగా నిద్రపోయింది!"

అందరూ నవ్వారు. పెళ్లయిన కొత్తల్లోనే మొదలుపెట్టాడు ఈ మాట. ఏ ఆటలోనూ ఆమె కన్ను మూసి ఎరగదు. మొదట్లో "లేదండీ, చూశాను" అనేది. అన్నకొద్దీ నవ్వేవాళ్లు. పోనుపోనూ తనమీద తనకే అనుమానం పుట్టి, చీకట్లో మణికట్టు గిల్లుకుంటూ కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఆ గిల్లు మచ్చలు ఎలా వచ్చాయని ఆ మహానుభావుడు ఒక్కనాడూ అడగలేదు. సినిమాలో ఏ దీపం ఎక్కడుందో మాత్రం చూస్తాడు!

తాముండే షుబ్రా పేటకు వెళ్లే బస్సులో దారి పొడుగునా అతను దర్శకుణ్ణి తిడుతూనే ఉన్నాడు. ఇంటికి రాగానే పత్రికాఫీసుకు ఫోన్ చేసి సమీక్ష చెప్పసాగాడు. "రాసుకో. నాయిక మొహంలో కదలికే లేదు. కట్టెబొమ్మ అని రాసుకో."

ఇన్సాఫ్ వంటింట్లోంచి బయటికి వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కినట్టు మొహం ఎర్రబడి ఉంది.

"ఆ ముక్క తీసెయ్యమను."

వగ్దీ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"మనలో అడక్కుండా చక్కెర లేని కాఫీ ఎక్కడ పోస్తారు?"

"చావింట్లో. అయితే? ఆ సినిమాలో ఎవడూ చావలేదే!"

"ఎవరూ చావలేదా?" ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "రెండు గంటలు నువ్వేం చూశావయ్యా? అది అరవలేక కాదు అరవనిది. వాడికోసం ఏడవడం కూడా అయిపోయింది దానికి. కళ్లతోనే చెప్పింది కదా! నీకు కనబడకపోతే అది కట్టెబొమ్మా?"

వగ్దీ చెయ్యి తీసి ఫోన్లో నవ్వాడు. "ఏం లేదోయ్, మా ఆవిడ. సినిమా అంతా నిద్రపోయి, ఇప్పుడు నాకు పాఠం చెబుతోంది!"

ఇన్సాఫ్ వెనక్కి తిరిగింది. వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి కాఫీ వాసన వచ్చింది. కప్పు తెచ్చి అతని మోచేతి పక్కన పెట్టి, ఎదురు కుర్చీలో ఒక్క క్షణం కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. అతను తల ఎత్తలేదు. ముగింపు వాక్యం చెబుతున్నాడు, దుర్రియా ఇక నటన మాని ఇంట్లో కూర్చుంటే మంచిదని.

ఆమె లేచింది. కోటు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, గడప దాటి తలుపు మెల్లగా దగ్గరికి లాగింది.

వగ్దీ ఫోన్ పెట్టేశాడు. పని బాగా అయిందన్న తృప్తితో కప్పెత్తి పెద్ద గుక్క తాగాడు. చేదు నాలుక మీంచి గొంతు దాకా పాకింది.

"ఎవరు చచ్చారని ఈ కాఫీ, ఇన్సాఫ్!"

తన గొంతు తనకే వినబడి ఆగిపోయాడు. మళ్లీ పిలిచాడు, ఈసారి నెమ్మదిగా. గోడకు ఆమె కోటు తగిలించే మేకు ఖాళీగా ఉంది. వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి ఆర్పేసి ఉంది, కాఫీ కాచిన పిడిగిన్నె కడిగి బోర్లించి ఉంది.

గట్టు మీద, ఎవరైనా వెయ్యాలనుకుంటే చేతికందేంత దగ్గరగా, చక్కెర డబ్బా నిండుగా ఉంది.