మొరం దిబ్బ

రోడ్డు పక్కన తవ్విన రెండో గుంతలోకి ఇంజనీరు దినేశ్ దిగాడు. అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి, సీసాలోని నీళ్లు చిలకరించి, రెండు అరచేతుల మధ్య పెట్టి నులిమాడు. మట్టి సన్నటి తాడులా సాగింది, తెగలేదు.

"జగదీశన్నా, గీ నల్లరేగట్ల పత్తి పెడితె నువ్వు రాజువు. ఇల్లు కడితె మాత్రం వానకాలం ఉబ్బుతది, ఎండకాలం పలుగుతది. గోడ సందులకెల్లి పక్కింటోళ్ల టీవీ చూసుకుంట కూసోవాలె."

"పక్కిల్లే లేదు గద సార్," అన్నాడు జగదీశ్. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

పెగడపల్లిలోని పాత ఇల్లు పోయిన వానల్లో కూలిపోయింది. అప్పటి నుంచి జగదీశ్ తండ్రి గంగయ్య, కోడలు సరిత ఈ చేనులో రేకుల షెడ్డు వేసుకుని ఉంటున్నారు. వానొస్తే లోపల నిలబడడానికి జాగా ఉండదని మనవరాలు మౌనికను కోరుట్లలో హాస్టల్లో చేర్పించారు. ఈ సెలవులోనే పునాది పోయించి పోవాలని జగదీశ్ మస్కట్ నుంచి వచ్చాడు. మళ్లీ సెలవు ఎప్పుడిస్తారో అక్కడివాళ్లు చెప్పలేదు.

"ఇంకింత లోతుకు పోతె?"

"గట్టినేల తాకేదాక ప్రతి పిల్లర్ దించితె ఉన్న పైసలన్ని అయిపోయి ఇల్లంత భూమిలనే కట్టినట్టయితది అన్నా." దినేశ్ గుంతలోంచి పైకి వచ్చి చేను నలుదిక్కులా చూశాడు. "గా చివర్న ఒక్క ఇల్లు పట్టేటంత ఎర్రగ కనవడుతుంది, అది గూడ మీదేనా?"

"మాదే. తంగేడు తప్ప ఏం మొలవది."

"అది మొరం, గట్టి రాళ్లనేల. జర గీకి చూద్దాం."

జేసీబీ అటు కదిలింది. గంగయ్య గబగబా దాని వెనకాలే నడిచాడు. బకెట్ దిబ్బ అంచున ఒకసారి గీకగానే రాయి మీద గీసినట్టు చప్పుడైంది. దినేశ్ గడ్డపార వేశాడు. అది దిగకుండా ఎగిరి చెయ్యి అదిరింది.

"దొరికిందే! ఇగ గిదే మీ ఇల్లు!"

సరిత కొంగు నడుముకు దోపుకుంది. ఎన్నాళ్లకో ఆమె ముఖం తేటగా ఉంది. అడుగులతో కొలుస్తూ దిబ్బ మీదికి నడిచింది. "ముంగట అర్ర, గిటు వంటిల్లు..." అంటూ ఒకచోట నిలబడింది.

"ఆడ వద్దు," అన్నాడు గంగయ్య.

"ఎందుకు బాపు? వాస్తు పడదా?"

కొడుకే ఒక దారి చూపించాడు. గంగయ్య అది పట్టుకున్నాడు. "ఆఁ, వాస్తు పడది."

"మంచిగ పడుతది కాకా," అన్నాడు దినేశ్ ఉత్సాహంగా. "నేను అది గూడ చూసే చెప్తున్న."

గంగయ్య కోడలి వైపు తిరిగాడు. "మీ మొదటి పిలగాడు ఆడున్నడు బిడ్డా."

జేసీబీ నడిపేవాడు ఎవరూ చెప్పకుండానే ఇంజన్ ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గంగయ్య మిగతాది చెప్పగలిగాడు.

మొదటి కాన్పు బిడ్డ పుట్టగానే పోయిన ఆ రోజు సరితకు ఇంకా జగిత్యాల దవాఖానలో తెలివి రాలేదు. జగదీశ్ మస్కట్‌లో ఉన్నాడు. పేరైనా పెట్టని పిల్లలను కాల్చరు, గుర్తు పెట్టరు, ఆడవాళ్లు వెంట రారు. గుడ్డలో చుట్టిన పసివాణ్ని ఎత్తుకుని, గంగయ్య వానలో గడ్డపారతో చేనంతా తిరిగాడు. రేగట్లో ఎక్కడ వేసినా నీళ్లు ఊరాయి. నీళ్లలో పడుకోబెట్టడానికి మనసొప్పలేదు. ఈ దిబ్బ ఒక్కటే, ఎంతసేపు పొడిచినా కొద్దికొద్దిగానే దిగింది గాని, లోపల పొడిగా ఉంది. చెబితే కోడలు ఇక్కడే కూర్చుంటుందని, అప్పుడు బతికే ఉన్న భార్య చిన్నవ్వ అతనితో ఒట్టు వేయించుకుంది. వాగు ఒడ్డున పెట్టామని చెప్పారు.

సిరిసిల్ల బస్సులో పుట్టింటికి పోయినప్పుడల్లా, వాగు వచ్చేముందు సరిత కిటికీ పక్కకు జరిగేది. దింపడానికి వెంట పోయిన గంగయ్య అది చూసి తల తిప్పుకునేవాడు.

"ఇన్నేండ్లాయె," అన్నాడు జగదీశ్. "ఆడ ఏముంటది బాపు? మట్టిల మట్టయి ఉంటడు. ఉన్న పిల్లను ఎన్ని దినాలు హాస్టల్ల పెడ్దాం?"

ఆ మాటలో తప్పేమీ లేదు. గంగయ్యకు అదే ఎక్కువ బాధగా తోచింది.

సరిత నిలబడ్డచోటే ఉంది. "మామా, తవ్వినప్పుడు నీళ్లు రాలేదు గద?"

"రాలే బిడ్డా. చేతితోని తడిమి చూసిన."

ఆమె తల ఊపింది. మళ్లీ అడిగింది, "తల ఏ దిక్కు?"

గంగయ్య చూపించాడు. ఆమె కిందికి చూసి, పాదాలు ఒక్కొక్కటే తీసి పక్కకు పెట్టింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "నువ్వు కట్టుకుంటె కట్టుకో. నేనైతె దీని మీద పొయ్యి ముట్టియ్య," అంది. గొంతులో కోపం లేదు.

జగదీశ్ ఆ మొరం మీదే గొంతుక్కూర్చున్నాడు. దినేశ్ మెల్లగా దగ్గరికి వచ్చి, "అన్నా, పునాదికి ముగ్గు పోయాల్నా?" అని అడిగాడు. జగదీశ్ ఒక మొరం రాయి ఏరి పక్కన పెట్టాడు. దినేశ్ మళ్లీ అడగలేదు. సీసాలో మిగిలిన నీళ్లు గంగయ్యకు తాగడానికి ఇచ్చి, గడ్డపార భుజాన వేసుకున్నాడు.

"గా రోడ్డు కాడి గుంతలు పూడ్పియ్యున్రి సార్," అన్నాడు చివరికి జగదీశ్. "బర్రెలు పడతయి."

జేసీబీ వెనక్కి పోయింది. నల్లమట్టి పెద్ద పెద్ద పెళ్లలుగా గుంతల్లో పడుతుంటే ముగ్గురూ ఎటో చూస్తూ ఉండిపోయారు. ఇల్లు ఇక రాదని ఎవరూ పైకి అనలేదు.

జగదీశ్ లేచి చేతులు దులుపుకున్నాడు. తండ్రి ముఖం చూడకుండా అన్నాడు, "బాపు, పొద్దున కోరుట్లకు పోయి కొత్త టార్పాలిన్ తెస్త. నేను పోయేలోపల గా రేకుల మీద గదన్న కప్పిపోత."

"సరే కొడుకా," అన్నాడు గంగయ్య.

సరిత ఇంకా దిబ్బ దిగలేదు. ఆమెను ఎవరూ పిలవలేదు.