రాయల కాలపు కత్తి

జయన్నకు కౌతాళం దగ్గర మూడెకరాల పత్తి చేను ఉంది, కాలువ నీళ్లున్నాయి, చెప్పిన మాట వినే ఎద్దులున్నాయి. లేనిదల్లా కత్తి. అది అన్న తిరుపాల్ ఇంట్లో ఉంది.

కత్తి అంటే మాటలా! కన్నడిగులూ తెలుగువాళ్లూ ముసల్మానులూ తమిళులూ కలిసి కొలిచిన విజయనగర రాయల సైన్యం ఓడి, చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయిన నాడు, వీళ్ల పూర్వీకుడొకడు ఒంటి మీది గుడ్డలతో, ఈ కత్తితో ఇక్కడికొచ్చి ఆగిపోయాడట. తర్వాత ఆదోని కోటలో బిజాపూరు వాళ్లు కూర్చున్నారు, మొగలాయిలు, నిజాం మనుషులు కూర్చున్నారు, ఆఖరికి తెల్లదొరలొచ్చారు. ఎవరొచ్చినా ఈ ఇంటివాళ్లు దండం పెట్టి మళ్లీ చేలోకి పోయారు. కత్తి మాత్రం పెద్దకొడుకు చేతి నుంచి పెద్దకొడుకు చేతికి వచ్చింది. దసరానాడు జమ్మిచెట్టు దాకా దాన్ని మోసేది అతడే. ఒరలోంచి తీస్తే వంశానికి కీడని కట్టుబాటు.

ఏటా ఊరి ఆడవాళ్లు తిరుపాల్ కాళ్లకు నీళ్లు పోస్తుంటే జయన్న కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. రెండేళ్లు ముందు పుట్టడం తప్ప అన్న చేసిన ఘనకార్యం ఏమిటి? ఈ ఏడు మరీ ఘోరం. ఆదోని కాలేజీ లెక్చరర్ కళ్యాణ్ పండక్కి ముందే వచ్చి కత్తితో తిరుపాల్‌ను ఫొటో తీశాడు. అది ఊరంతా తిరిగింది. జయన్న పెళ్లాం భీమక్క దాన్నే వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంది. కట్టుకున్న మొగుడు పక్కనుండగా బావ ఫొటో!

మహర్నవమి మధ్యాహ్నం తిరుపాల్ టెంకాయలకని అంగడికి పోయాడు. జయన్న అన్న ఇంటి దేవుడి గదిలోకి దూరాడు. ఒక్కసారి దూసి పట్టుకుంటే చాలు, తానూ రాయలవారి మనిషే. కీడు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పిడి పట్టుకుని లాగాడు.

పిడి వచ్చింది. దాని కింద బెత్తెడు తుప్పుముక్క. అంతే. ఒర బోర్లిస్తే, పిడి కదలకుండా బిగించిన చిన్న కట్టెముక్క రాలి పడింది.

"సూసినావా?" గడపలో టెంకాయల సంచితో తిరుపాల్ నిలబడి ఉన్నాడు. "కరువులో మన జేజినాయన దాన్ని కరిగిచ్చి కొడవండ్లు సేయించినాడంట. కోతకూలికి పోకుంటే పిల్లోల్లు సస్తారని. నాయన పొయ్యేముందు నాకు సెప్పినాడు. పెద్దోనికి ఒక్కనికే సెప్పల్లంట."

జయన్నకు సిగ్గు రావలసింది. కుళ్లే వచ్చింది.

"ఇది గూడా నీకేనా అన్నా? నాకు సెప్పకపోతివే!"

తిరుపాల్ నేల మీద కూలబడ్డాడు. "ఈ గుట్టు మోయబట్టి ఇరవై ఏండ్లాయ. నా వల్ల గాదురా. ఇంగ నీకూ తెలిసె. రేపు నువ్వే ఎత్తుకో."

జయన్న ఆ రాత్రి కొత్త పంచె మడతపెట్టుకుని పడుకున్నాడు.

మరునాడు, ఈ ఏడు తమ్ముడే మోస్తాడని తిరుపాల్ ఊరికి చెప్పాడు. డప్పులు మోగాయి. ఆడవాళ్లు జయన్న కాళ్లకు నీళ్లు పోశారు. భీమక్క ఫోన్ పైకెత్తి నిలబడింది. కళ్యాణ్ పక్కన నడుస్తూ, "బరువెంతుంటుందన్నా?" అని అడిగాడు.

"శానా బరువు సార్," అన్నాడు జయన్న, నడుం కాస్త వంచి. కత్తి కట్టెపుల్లలా తేలిగ్గా ఉంది. ముసలోళ్లు దండాలు పెడుతుంటే వాళ్ల కళ్లలోకి చూడలేక నేల చూస్తూ నడిచాడు. జమ్మిచెట్టు ఇంకా అరమైలు ఉంది.

తల తిప్పితే, జనంలో తిరుపాల్ కనిపించాడు. మరమరాలు నములుతూ, ఎవరితోనో పరాచికాలాడుతూ, రెండు చేతులూ ఊపుకుంటూ నడుస్తున్నాడు. ఆ ఖాళీ చేతులను చూసి జయన్న కడుపు భగ్గున మండింది.