కొత్త కార్డుకి బంతిపూల దండ

హరికిరణ్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చాలా వద్దా అన్న చర్చ హిందీ మాట్లాడే బాగ్‌బేరా పేటలోని ఆ రైల్వే క్వార్టర్‌లో వానాకాలమంతా నడిచింది. ఆటలో పొగ, మంటలు వచ్చే చోట తెర ఆగి ఆగి కదులుతోందనీ, తను తుపాకీ తిప్పేలోపే అవతలివాడు కాల్చేస్తున్నాడనీ అతని బాధ. సిగ్నల్ డిపార్టుమెంటు డ్యూటీ నుంచి రాగానే వరండాలో కూర్చుని కార్డుల మీద వీడియోలు చూసేవాడు. కంచం ముందు కూడా అదే మాట.

"ఉన్నది పనిచేత్తంది కదా. ఇంకో ఏడు ఆగండి," అనేది అతని భార్య సుధ.

ఆమె మనసు మార్చుకున్నది ఒక ఆదివారం. జుగ్సలాయి బజారుకి వెళ్ళి, వాన పట్టేలా ఉందని తొందరగా తిరిగి వచ్చింది. హరికిరణ్ హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, స్పీకర్లు పెట్టి, తన జట్టు వాళ్ళతో మాట్లాడుతున్నాడు. అతని వీపు గుమ్మం వైపు ఉంది.

"ఏటి భాయ్, భాభీ ఒప్పుకుందా?" స్పీకర్లో ఆదిబాబు గొంతు. ఆదిబాబు అతనితోపాటే పనిచేస్తాడు.

"ఒప్పుకోకపోతే ఏటి? కార్డు తో బదల్ జాయేగా భాయ్. ఘర్‌వాలీకే అప్‌గ్రేడ్ లేదు. పెళ్ళాం పాత మోడల్, అలాగే నడపాల," అన్నాడు హరికిరణ్.

అవతల అందరూ ఒక్కసారి నవ్వారు. ఎవడో సరిగ్గా వినలేదట, మళ్ళీ చెప్పమన్నాడు. హరికిరణ్ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకా నిదానంగా, ఇంకా రుచిగా.

సుధ సంచి చప్పుడు కాకుండా పట్టుకుని, ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపు నుంచి లోపలికి వెళ్ళింది. బీరకాయలు బుట్టలో సర్దింది. ఏడుపు రాలేదు. మొదటిసారి అన్నది నోరు జారిన మాట అనుకున్నా, రెండోసారి అతని గొంతులో ఉన్న సంబరాన్ని మాత్రం మింగలేకపోయింది. ఆ సంబరం వాళ్ళందరి ముందే చావాలి అనుకుంది. ఎలాగో తెలియలేదు. ఇప్పుడు నిలదీస్తే వేళాకోళమని తప్పించుకుంటాడు. నిలదీసిన సంగతి కూడా వాళ్ళకి చెప్పి నవ్విస్తాడు.

రాత్రి చపాతీలు వడ్డిస్తూ, ఏమీ విననట్టే, "ఆ కార్డేదో కొనుక్కోండి," అంది.

హరికిరణ్ తలెత్తి చూశాడు. "నిజంగానా? మరి అమ్మ?"

"మీయమ్మకి మీరే చెప్పుకోవాల."

ధనమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "ఏటిరా నాకు సెప్పేది? ఆ టీవీకి మళ్ళీ ఏటి తగిలిత్తావు?"

ఆమె లెక్కలో కంప్యూటర్ అంటే టీవీయే. కొడుకు దాని ముందు కూర్చుని గెంతుతూ ఉంటాడు, అంతే.

"టీవీ కాదమ్మా, మెషీను," అన్నాడు హరికిరణ్. తల్లిని ఎక్కడ పట్టుకుంటే మెత్తబడుతుందో అతనికి తెలుసు. "నాన్నకి వర్క్‌షాపులో లేతు ఎలాగో నాకిది అలాగ. రేపు ఆఫీసు పనులన్నీ దీని మీదే చెయ్యాల."

లేతు అనేసరికి ధనమ్మ ముఖం మారింది. చనిపోయిన భర్త గణపతిరావు ఇనుము చెక్కే ఆ లేతు మిషను మీదే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. "మెషీనయితే మరి ముందే సెప్పాలి కదా," అంది.

సుధ చేతిలో గరిటె ఆగింది. ఆ ఇంట్లో మెషీను అన్న మాటకి ఏటా ఏం జరుగుతుందో హరికిరణ్ మరిచిపోయాడు. ఆమె మరిచిపోలేదు.

"మెషీనే అత్తా," అంది. "మావయ్యకి లేతులాగే."

కార్డు సాక్చీలోని దుకాణం నుంచి వచ్చింది. నల్లగా, బరువుగా, మూడు ఫ్యాన్లతో. అది మరీ వెడల్పవడంతో కంప్యూటర్ డబ్బా పక్క తలుపు మూతపడలేదు. హరికిరణ్ తలుపు తీసే ఉంచాడు. ఆటలో పొగ ఇప్పుడు నిజం పొగలాగే కదులుతోందని సుధని పిలిచి చూపించాడు. ఆమె చూసింది, బావుందంది.

ఆ వారమే ఇంకో కబురు. పనిముట్లకి దణ్ణం పెట్టే విశ్వకర్మ పూజకి ఊరంతా సెలవు కాబట్టి, సాక్చీలో గేమింగ్ కేఫ్ వాళ్ళు ఆ సాయంత్రమే పోటీ ఫైనల్ పెట్టారు. ఎవరింట్లో నుంచి వాళ్ళు ఆడొచ్చు. హరికిరణ్ జట్టు ఫైనల్‌కి వచ్చింది.

"ఆ సాయంత్రం చుట్టాలెవరైనా వత్తారేటి?" అని భార్యని అడిగాడు.

"ఎవరూ రారు," అంది సుధ. అబద్ధం కాదు.

పూజ రోజు పొద్దున్నే హరికిరణ్ డిపార్టుమెంటు పూజ పందిరికి వెళ్ళాడు. ఇంట్లో ధనమ్మ, సుధ కలిసి మిక్సీ, కుట్టుమిషను, నీళ్ళ మోటారు, స్కూటరు కడిగి తుడిచి బొట్లు పెట్టారు. తర్వాత ధనమ్మ వరండా వైపు చెయ్యి చూపించింది. "ఆ మెషీను కూడా. పూజ నువ్వే కట్టు, మొగుడి పనిముట్టు కదా."

సుధ కంప్యూటర్‌ని పొడిగుడ్డతో తుడిచింది. డబ్బాకి స్వస్తిక్ పెట్టింది. తెరిచి ఉన్న పక్కన రేకలు లోపల రాలకుండా బంతిపూల దండ జాగ్రత్తగా కట్టింది. సాంబ్రాణి కడ్డీ దూరంగా గుచ్చింది. కార్డు పాడవడం ఆమెకి ఇష్టం లేదు. పాడైతే అందరూ అతని మీద జాలిపడతారు.

మధ్యాహ్నం హరికిరణ్ ప్రసాదం బూందీతో వచ్చి చూసి నవ్వాడు. ఫోన్లో ఫొటో తీశాడు. సాయంత్రం స్నానం చేసి వచ్చి స్విచ్ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఒరే! ఆగరా!" ధనమ్మ మంచం మీద నుంచి దిగ్గున లేచింది. "పూజ కట్టినాక రేపు పొద్దుటిదాకా కదపకూడదని ఎరగవేటి?"

"అమ్మా, ఇది కంప్యూటరు!"

"మెషీనని నువ్వే కదరా సెప్పినావు? లేతులాగ అని?"

"అది... మాట వరసకి..."

"మాట వరసకి మీ నాన్న పేరు ఎత్తినావా? ఆ మనిషి ఈ రోజు సైకిల్ తొక్కడం ఎరగడు. పందిరికి నడిచే ఎల్లీవోడు."

వాదన పెరిగింది. అతను కోప్పడ్డాడు, బతిమాలాడు, రెండు చేతులూ జోడించాడు. ఆఖరికి ధనమ్మ విసిగిపోయింది. "పూజ కట్టింది కోడలు. అది దాని సేత్తో దణ్ణం పెట్టి దండ తీసిందంటే నాను అడ్డం రాను. దాన్నడుగు."

హరికిరణ్ ఊపిరి పీల్చుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. సుధ కిచిడీ కలుపుతోంది. అతని చేతిలో ఫోన్ మోగింది. ఆదిబాబు. స్పీకర్ నొక్కి, "ఆగు భాయ్, దో మినిట్," అన్నాడు. తర్వాత ఆమెతో, "సుధా, రా. ఆ దండ తీసీ. అందరూ కాసుకుని ఉన్నారు."

"అందరూ ఉన్నారా ఫోన్లో?"

"ఉన్నారు."

"అయితే ఆ ఆదివారం చెప్పిన మాట మళ్ళీ చెప్పండి. కార్డు మారుద్ది, ఇంకేదో మారదు అన్నారు కదా. ఒకరికి వినబడలేదని రెండోసారి కూడా చెప్పినారు. నా ముందు చెప్పండి."

హరికిరణ్ ముఖంలో రంగు పోయింది.

"మజాక్ సుధా. ఏదో ఊరికే..."

"మజాకే అయితే చెప్పడానికేటి? నవ్వుకుందాం."

అతను ఫోన్ స్పీకర్ ఆపబోయాడు. "ఆపితే దండ సంగతి మరిచిపోండి," అంది సుధ. గొంతు పెంచలేదు.

అతను నేల చూస్తూ చెప్పాడు. గొణిగాడు. గట్టిగా చెప్పమంది. చెప్పాడు. రెండోసారి ఆ మాటలో రుచి లేదు, నిదానం లేదు. అవతల ఒక్కరూ నవ్వలేదు. ఎవరో దగ్గారు. "సారీ భాభీ," అన్నాడు ఆదిబాబు. "సారీ," అన్నాడు హరికిరణ్ కూడా. "చెప్పినాను కదా. ఇప్పుడు తియ్యి."

సుధ పొయ్యి తగ్గించింది. గరిటె గిన్నె మీద పెట్టింది. అతను పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"రేపు పొద్దున్న తీత్తాను," అంది ఆమె. "ఆచారం."

"చెప్తే తీత్తానన్నావు కదా!"

"తీత్తానని నేనెప్పుడన్నాను?"

ఫోన్లో ఆదిబాబు నెమ్మదిగా, "భాయ్, టైమ్ నహీఁ హై. నీ బదులు మా చెల్లి బిందుప్రియని కూర్చోబెడతాను, ఇక్కడ భాలుబాసాలోనే ఉంది," అన్నాడు. హరికిరణ్ జవాబు చెప్పకముందే లైను తెగిపోయింది.

అతను వరండా మెట్టు మీద కూర్చుని ఫోన్లో ఆ ఆట చూశాడు. అతని వెనకే కొత్త కార్డు పూలదండతో చల్లగా ఉంది. సుధ ధనమ్మకి కిచిడీ పెట్టి, తలుపు దగ్గరికి వచ్చి అతని వంగిన వీపుని చూసింది. జాలి వస్తుందేమోనని కొంచెం సేపు నిలబడింది. రాలేదు.

అతను ఫోన్ పక్కన పడేసి, వెనక్కి తిరగకుండానే అడిగాడు. "ఇప్పుడు చల్లబడ్డాదా నీ కడుపు?"

"వాళ్ళు ఓడిపోయినారా?"

"గెలిచినారు."

"మీరు లేకుండా?"

అతను పడేసిన ఫోన్ మళ్ళీ తీసుకుని తెర ఆర్పాడు.

"ఇప్పుడు చల్లబడ్డాది," అంది సుధ.