ఆరో రబ్బరు ముక్క

పియానో శ్రుతి చేయడంలో నాకు వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు. అలాంటిది, నా కూతురి మొదటి సోలో కచేరీ నాడే నా పరువు నేనే తీసుకున్నాను.

పియానోలో మనం నొక్కే మెట్లలో చాలావాటికి మూడేసి తీగలుంటాయి. ఒకదాన్ని సరిచేసేటప్పుడు మిగతా రెండూ మోగకుండా మధ్యలో రబ్బరు ముక్క దూర్చాలి. అలాంటివి నా సంచిలో ఆరు. పనయ్యాక వాటిని లెక్కపెట్టనిదే గుమ్మం దాటను. ఆ ఉదయం మాత్రం హాలు మేనేజరుకు మా పిల్ల గొప్పలు చెప్పడం మొదలుపెట్టాను. మూడు వందల ఏళ్ల సంగీతం ఒక్కతే వాయిస్తుందని, కాగితం కూడా చూడదని. ఆయన తలూపుతున్న కొద్దీ నా నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. లెక్క మరిచాను.

వేళ్లకు విశ్రాంతి అని పిల్ల ముందుగా వాయించి చూడకుండా సాయంత్రమే వచ్చింది. మొదటిది బాగా పాతకాలపు రచన. ఎక్కడా తడబడలేదు. రెండోది అయ్యేసరికి నాకు కళ్లు చెమర్చాయి. రుమాలు కోసం సంచిలో చెయ్యి పెడితే ముక్కలు తగిలాయి. అలవాటైన చెయ్యి కదా, లెక్కపెట్టేసింది. ఐదే.

ఉదయం ఆఖరున ముట్టుకున్నది కుడి చివరి నుంచి మూడో మెట్టు. ఆరోది అక్కడే ఉండాలి. పాతకాలం పియానోలు చిన్నవి, ఆనాటి రచనలు అంత దూరం పోవు. ఈ కచేరీలో ఆఖరిదైన నాలుగోది మాత్రం కొత్తకాలపుది, మెట్లన్నీ వాడుతుంది. ఆ మూడో మెట్టు నొక్కితే పొట్టి తీగ ఒక్కటే పీలగా పలికి, తలుపు తట్టినట్టు టక్కుమంటుంది, అంతే.

పక్క సీట్లో ఉన్న మా ఆయన చెవిలో చెప్పాను. ఒక్క మెట్టేగా, ఎవరు కనిపెడతారు, నలుగురిలో నవ్వులపాలు కాకు అన్నాడు. ఒళ్లు మండింది నాకు. పదిహేనేళ్లు వేళ్లరగదీసుకున్న పిల్లకు ఒక్క మెట్టు తక్కువైనా తక్కువే.

మూడోదానికి చప్పట్లు ఆగగానే సంచి పట్టుకుని లేచి వేదిక ఎక్కాను. వంగి ముక్క బయటికి లాగాను. తప్పు నాదేనని గొణిగి, సిగ్గుతో చచ్చిపోతూ దిగబోయాను.

పిల్ల నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండో చేత్తో ఆ మెట్టు నొక్కింది. రబ్బరు ఒత్తిడికి ఓ తీగ శ్రుతి వెంట్రుకవాసి జారింది. మా ఇద్దరికీ వినిపించింది. పిల్ల జనం వైపు తిరిగింది.

"ఈ పియానో శ్రుతి చేసింది మా అమ్మ. నాకు చెవి ఇచ్చిందీ ఆవిడే. అమ్మ సరేనంటేనే వాయిస్తాను."

సంచిలోంచి శ్రుతి చేసే పిడి తీసి, ఆ తీగ చుట్టిన మేకు రవ్వంత తిప్పాను. విన్నాను. మళ్లీ విన్నాను. వందల మంది నా చెవి కోసం కాచుకుని కూర్చున్నారు.

"ఊఁ. ఇప్పుడు వాయించు," అన్నాను.

అంత పొడవాటి రచనలో ఆ మెట్టు ఒక్కసారే వచ్చింది, ఆఖరి స్వరంగా. ఖంగున మోగి, హాలు చివరిదాకా పోయి, తీరిగ్గా ఆగింది.

"అదేనా?" అన్నాడు మా ఆయన గుసగుసగా.

"అదే," అన్నాను, వెనక వరుసకు కూడా వినబడేలా.