రాలని చెట్టు

శనివారం శనివారం సోల్వై తల్లి ఇంటికి వచ్చి, వారానికి సరిపడా రొట్టె కోసి, మందుబిళ్ళలు డబ్బాలో సర్ది, ఇద్దరికీ కాఫీ పెట్టేది. ఆ శనివారం ఆమె చంకలో పొడుగాటి అట్టపెట్టె ఉంది.

"ఏమిటే అది?" అంది గుడ్రున్.

"క్రిస్మస్ చెట్టు."

"పెట్టెలోనా? పోయిందా ఏమిటి?"

"ప్లాస్టిక్‌దమ్మా. నీళ్ళు పొయ్యక్కర్లేదు. రాలదు."

"రాలకపోతే ఇంకెందుకు?"

డెన్మార్కులో మిగతావాళ్ళంతా ఆకు రాలని రకం కోసం వెతుక్కుంటే, సముద్రపు పాయ ఒడ్డునున్న ఈ ఊరివాళ్ళు పండగ వెళ్ళేసరికి గదంతా సూదుల్లాంటి ఆకు పరిచే స్ప్రూస్ చెట్టునే తెచ్చుకునేవారు. తెచ్చుకుని, ఇల్లు ఊడ్చేవారు కాదు. వేసవి దాకా తివాచీలో దాగిన సూదులు వట్టి కాళ్ళకు గుచ్చుకునేవి. గుచ్చుకున్నప్పుడల్లా మరిచిపోయిందేదో తిరిగొచ్చేది: తాళంచెవి పెట్టిన చోటు, చిన్ననాటి పంతులమ్మ పేరు, చుట్టంతో పోట్లాటకు అసలు కారణం. పెద్దవాళ్ళు మంచాన పడితే చూడ్డానికి వచ్చినవాళ్ళు పళ్ళతోపాటు గుప్పెడు సూదులు తెచ్చి మంచం పక్కన చల్లి వెళ్ళేవారు.

సోల్వై చెట్టును సగం విప్పేసరికి చెట్లమ్మే ఐవిన్ భుజాన స్ప్రూస్‌తో వచ్చాడు.

"ఇంట్లో గొడుగు విప్పావేం సోల్వై? వాన కురుస్తోందా?"

"మాకీ ఏడు వద్దు ఐవిన్. తీసుకెళ్ళు."

"మీ అమ్మకు నా పేరు గుర్తుండేదే దీనివల్ల. పెరట్లో ఆనించి పోతాలే. మీ గొడుగుకు తోడుంటుంది."

వద్దనడానికి సోల్వై కారణం సోల్వైకుంది. వసంతంలో ఒక సూది గుచ్చుకుని తల్లి లేచి నిలబడి, "ఆస్గర్ ఇంకా ఇంటికి రాలేదేం?" అంది. చెప్పక తప్పలేదు. ఆ రోజంతా గుడ్రున్ కొడుకు అప్పుడే పోయినట్టు ఏడ్చింది. తర్వాత మరిచిపోయింది. స్ట్రాబెర్రీల కాలం రాకముందే మరో సూది. మళ్ళీ అదే ఏడుపు. బిళ్ళ మింగించి పడుకోబెట్టేది సోల్వై. ఒక తల్లిచేత ఒకే బిడ్డను ఎన్నిసార్లు పాతిపెట్టించాలి?

సోల్వైకి ఇంకో భయం కూడా ఉంది. ఆస్గర్ పోయిన రోజున పాయ మీది మంచు పలచబడిందని తనకు తెలుసు. అప్పటికి తమ్ముడితో పోట్లాటలో ఉంది. వాడికి చెప్పిందా, పంతానికి ఊరుకుందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాదు. వచ్చే జవాబు ఎలాంటిదో అని ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ మందపాటి జోళ్ళు విప్పేది కాదు.

"ఏదో దాస్తున్నావే నువ్వు," అంది గుడ్రున్.

"ఆస్గర్ సంగతి."

"అతనెవరు?"

సోల్వై చేతిలో ప్లాస్టిక్ కొమ్మ అలాగే ఉండిపోయింది. "నా తమ్ముడు. నీ కొడుకు. చిన్నప్పుడే మంచు విరిగి పాయలో పోయాడు."

"అయ్యో పాపం," అంది గుడ్రున్, పక్కింటి పిల్లాడి గురించి విన్నట్టు. కప్పు అందుకుంది. ఓ గుక్క తాగి, కూతురి మొహం చూసి కప్పు దించింది.

"నేను ఏడవాల్సిందా?"

సోల్వై చేతిలోని కొమ్మ కింద పెట్టింది.

"నా బిడ్డ కోసం నేను ఏడవకపోతే ఇంకెవరేడుస్తారే? తీసుకురా ఆ చెట్టు."

"ఏడుపు తట్టుకోలేవమ్మా."

"తట్టుకోలేనిది నువ్వు. తీసుకురా."

పండగ ముందురోజు సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించి, ఇద్దరే చేతులు పట్టుకుని పాడుతూ చెట్టు చుట్టూ తిరిగారు. రెండో చుట్టులో గుడ్రున్ వట్టి పాదం ఓ సూది మీద ఆగింది. పాట ఆగింది.

"ఆస్గర్," అంది. నేల మీద కూలబడి ఏడవసాగింది.

సోల్వై చెయ్యి జేబులోని బిళ్ళ దాకా వెళ్ళింది. తియ్యకుండానే వెనక్కి వచ్చింది. ఆమె కూడా తల్లి పక్కనే కూర్చుంది. "చెప్పమ్మా. వింటాను."

"గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ సణిగాడే. అక్క పాయ మీదికి పోవద్దంటోంది, మంచు పలచబడిందట, దానికన్నీ భయాలే అన్నాడు. నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నాను."

"నేను చెప్పానా? వాడికి?"

"రెండుసార్లు చెప్పావటగా. అందుకే సణుగుడు."

"ఇన్నేళ్ళూ నాతో ఒక్కసారి అనలేదేం?"

"చెప్పినదానివి నువ్వు. నీకు తెలియదని నేనెందుకనుకుంటాను?"

సోల్వై తల్లి ఒళ్ళో తల పెట్టింది. ఆ ఇంట్లో ఆమె తమ్ముడి కోసం ఏడవడం అదే మొదలు. కొవ్వొత్తులు వాటంతటవి ఆరిపోయాయి.

తెల్లారాక గుడ్రున్ అద్దంలో చూసుకుని, "కళ్ళు ఇలా వాచాయేమిటే?" అంది.

సోల్వై కాఫీ పోసి, కుర్చీ తల్లికి దగ్గరగా జరుపుకుంది. "నీకో కొడుకుండేవాడమ్మా," అంది. ఇన్నేళ్ళూ తనలో తాను ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా మంచు విరిగిన చప్పుడుతోనే మొదలయ్యేది. ఆ ఉదయం మాత్రం వాడు పుట్టిన రోజు దగ్గర మొదలుపెట్టింది.