పేరు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు

తప్పులుంటే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు ఇప్పటికీ నా చేతికి చిక్కకుండా తప్పించుకు తిరుగుతాయి. ఒక పేజీ నింపడానికి ఒక పూట పడుతుంది. చదివే కార్మికులు, విద్యార్థులు కాస్త ఓపిక పట్టాలి. జరిగింది కళ్ళారా చూసినదాన్ని నేను. అందులో తప్పు చేసినదాన్ని కూడా నేనే. కాబట్టి ఇంకొకరు రాసేది కాదు ఇది.

గువ్వ సామాను వాకిట్లో పడేసిన రోజు నుంచి మొదలుపెడతాను.

గువ్వ బూట్ల ఫ్యాక్టరీలో కుట్టు సెక్షన్ మనిషి. సన్నగా, పొట్టిగా ఉంటుందని తోటివాళ్ళు పెట్టిన పేరు అది. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు ఆమె చాప, బిందె, కూతురి పుస్తకాల సంచి తెచ్చి క్వార్టర్స్ గది బయట పడేశారు. వరసలోని ఆడవాళ్ళంతా ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూశారు. ఒక్కరూ మెట్టు దిగలేదు.

"నేనేం తప్పు చేశాను సార్?" అంది గువ్వ.

"తప్పని ఎవరన్నారమ్మా? నీ మంచికే," అన్నాడు సూపర్‌వైజర్. అతని చేతిలో ఒక కాగితం ఉంది. "నీకు మనసు బాగోలేదు. మెషిను దగ్గర కూర్చుంటే నీకూ ప్రమాదమే, పక్కవాళ్ళకీ ప్రమాదమే. రూలు. పనిలేనివాళ్ళకి క్వార్టర్స్ ఉండవు, అదీ రూలే."

"నాకు బాగోలేదని ఎవరు చెప్పారు?"

అతను గడ్డంతో నా వైపు చూపించాడు. క్వార్టర్స్‌లో చిన్నవాళ్ళంతా నన్ను అత్తా అనే పిలుస్తారు. "అదిగో, మీ అత్తే రాసింది."

గువ్వ నా వైపు తిరిగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నీకు రాయడం రానప్పుడే నయం అత్తా," అంది.

నేను తోడు కేంద్రంలో పనిచేసేదాన్ని. అంతకు రెండేళ్ళ ముందు, ఒకే సంవత్సరంలో, కుట్టు సెక్షన్‌లో ఇద్దరు ఆడవాళ్ళు ప్రాణం తీసుకున్నారు. యాజమాన్యం రెండు పనులు చేసింది. పై అంతస్తు కిటికీలన్నీ వెల్డింగ్ పెట్టించి మూసేసింది. గేటు పక్క షెడ్డుకు సున్నం వేసి, తోడు కేంద్రం అని బోర్డు తగిలించింది. ఎండలకు హాల్లో గాలి ఆడక మనుషులు కళ్ళు తిరిగి పడుతుంటే, మీ ప్రాణాల మీద ప్రేమతోనే మూశామని నోటీసు అంటించింది.

ఆ కేంద్రంలో మేం పదకొండు మందిమి. ఎవరికైనా బతుకు మీద విరక్తి పుట్టిందని ఫోన్ వస్తే ఒకరమో ఇద్దరమో బయలుదేరతాం. వెళ్ళగానే నీతులు చెప్పం. చెప్పులు బయట విడిచి, వాళ్ళకంటే కిందగా కూర్చుంటాం. వాళ్ళకీ తలుపుకీ మధ్య ఎప్పుడూ కూర్చోం. దారి మూస్తే భయం రెట్టింపవుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతాం. అడిగితే ఆలోచన పుడుతుందని జనం భయపడతారు. ఉన్న ఆలోచన బయటికి రావడానికే మేం అడుగుతాం. చేతికి అందకూడనివి ఏవైనా ఉంటే, చెప్పి మరీ మా సంచిలో వేసుకుంటాం. ఆ మనిషి దగ్గర ఉండడానికి ఇంకొకరు వచ్చేదాకా కదలం. మర్నాడు మళ్ళీ వెళతాం.

నా ఇంటాయన ఆ ఫ్యాక్టరీలోనే జిగురు సెక్షన్‌లో చేసేవాడు. ఒక మధ్యాహ్నం ప్రాణం తీసుకున్నాడు. నేను పక్క గదిలోనే బట్టలు మడతపెడుతున్నాను. ఆ వారమంతా ఏదో అడగాలనుకుని అడగలేకపోయాను. ఇప్పుడు ఎవరినైనా అడగగలను.

కేంద్రానికి ఇన్‌చార్జి ఒకాయన ఉండేవాడు. ఎంత చేదు మాటైనా నవ్వుతూ చెప్తాడని మేం ఆయన్ని చిరునవ్వు సార్ అనేవాళ్ళం. వెళ్ళొచ్చిన ప్రతి ఇంటి సంగతి నీలం పుస్తకంలో రాయాలని ఆయన హుకుం. పేరు, సెక్షన్, ప్రమాదం తక్కువా మధ్యస్థమా ఎక్కువా, కారణం. నాకు రాయడం రాదు కనక అంతా తలలోనే పెట్టుకునేదాన్ని. ఎవరు ఏ తేదీన ఏమన్నారో మాలో ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. అందుకే నన్ను గుర్తమ్మ అనేవాళ్ళు.

"గుర్తమ్మా, నీ బుర్రలో ఉన్నది కంపెనీకి అక్కరకు రావద్దూ? చదువు నేర్పిస్తాం," అన్నాడు చిరునవ్వు సార్. మాలోనే చదువుకున్న పిల్ల ఒకతి ఉంది, అందరం డిగ్రీ అని పిలుస్తాం. ఆ పిల్లకు నన్ను అప్పగించాడు. నేను పొంగిపోయాను. ఎర కూడా చేపకు రుచిగానే ఉంటుంది.

నా చేత్తో పుస్తకంలో రాసిన మొట్టమొదటి పేరు గువ్వది.

కుట్టు సెక్షన్‌లో నలభై మందికి ఒకటే బిళ్ళ. అది మెడలో ఉంటేనే బాత్రూంకి వెళ్ళాలి. ఆ రోజు బిళ్ళ తిరిగి రాలేదు. గువ్వ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగే లోపే స్టూలు మీదే తడిసిపోయింది. సూపర్‌వైజర్ ఆ స్టూలు ఎత్తి లైనంతా తిప్పి చూపించాడు. ఆ మధ్యాహ్నం పొరుగామె మాకు ఫోన్ చేసింది.

నేను వెళ్ళేసరికి గువ్వ గోడకు ముఖం పెట్టుకుని ఉంది. "పడుకుంటే మళ్ళీ లేవకుండా ఉంటే చాలు అత్తా," అంది. నాలుగు గంటలు కూర్చున్నాను. ఉల్లిపాయలు తెప్పించి ఇద్దరం ఒలిచాం. చేతికి పని దొరుకుతుంది, ఏడవడానికి సాకూ దొరుకుతుంది. కూతురు బడి నుంచి వచ్చేసరికి గువ్వ నాలుగు ముద్దలు తింది.

కేంద్రానికి వచ్చి, ప్రమాదం ఎక్కువ అని రాశాను. అలా రాస్తే రోజూ ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారని మాకు చెప్పారు. కారణం దగ్గర నాలుగు మాటలు అచ్చువేసి ఉన్నాయి: కుటుంబ గొడవ, ప్రేమ, తాగుడు, జబ్బు. బిళ్ళ, స్టూలు అందులో లేవు. జబ్బు అన్నదాని పక్కన టిక్కు పెట్టాను. నా అక్షరాలు చూసుకుని మురిసిపోయాను కూడా.

నాలుగో రోజున గువ్వ సామాను వాకిట్లో పడింది.

గువ్వనీ కూతుర్నీ నా గదికి తీసుకొచ్చాను. డిగ్రీ పాత పుస్తకాలన్నీ తిరగేసింది. రెండేళ్ళలో ఎక్కువ అని రాసినవాళ్ళు పద్నాలుగు మంది. ఫ్యాక్టరీలో మిగిలింది ఒక్కరు. ఒకరు సొంత ఊరు వెళ్ళిపోయారు, ఒకరికి ఆరోగ్యం బాగోలేదు, ఒకరు తనంతట తనే మానేశారు అని మాకు చెబుతూ వచ్చారు. గువ్వకు ముందు నేను చూసుకున్నవాళ్ళలో మాత్రం ఒక్కరి పనీ పోలేదు. అది నా పనితనం అనుకుని గర్వపడేదాన్ని. నా తల తెరిచి చదవడం వాళ్ళకు చేతకాలేదు, అంతే.

నేరుగా చిరునవ్వు సార్ దగ్గరికి వెళ్ళాను. "మా దగ్గర చెప్పుకున్న ఏడుపులు ఫ్యాక్టరీకి ఎలా చేరాయి సార్?"

"కేంద్రం ఎవరిది గుర్తమ్మా?" నవ్వాడు. "ఫ్యాక్టరీదే కదా. మన ఇంట్లో మాట మన ఇంట్లో చెప్పుకుంటే తప్పేముంది?"

ఆ ఆదివారం పొద్దున మా గదిలో కూర్చున్నాం. గది పట్టక సగం మంది వాకిట్లో నిలబడ్డారు. కేంద్రం వాళ్ళు, మమ్మల్ని ఇళ్ళకు తిప్పే వ్యాన్ డ్రైవరు, కుట్టు సెక్షన్ ఆడవాళ్ళు ఇరవై మంది. వాళ్ళలో గట్టిగొంతు అని పేరున్నామె ముందు నా మీదికే వచ్చింది.

"ఏం మొహం పెట్టుకుని పిలిచావు? ఓదారుస్తామని వచ్చి చాడీలు రాసుకుపోయారు. దొంగ చేతికే తాళాలిచ్చినట్టు, మీకా మేం కడుపులో మాట చెప్పింది?"

"నిజమే," అన్నాను. ఇంకేం అనాలి?

"పుస్తకాలన్నీ కాల్చేద్దాం," అంది డిగ్రీ.

"కాలిస్తే ఎల్లుండికి కొత్తవి అచ్చవుతాయి. నిన్ను మాత్రం రేపే పీకేస్తారు," అన్నాడు డ్రైవరు. "పని బంద్ పెడదాం. వ్యాన్ తీయను. చూద్దాం, ఏం చేస్తారో."

"ఫోన్ మోగితే?" అన్నాను.

డ్రైవరు వ్యాన్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

"లైను ఆగితే బూట్లు ఆగుతాయి. మనం ఆగితే మనిషి పోతుంది. ఆ బంద్ మనకు కుదరదు."

"ఇంకేం చేస్తావే మరి? భజన చేస్తావా?" అంది గట్టిగొంతు.

మూలన బియ్యం ఏరుతున్న గువ్వ చేట పక్కన పెట్టింది. వారం తర్వాత నలుగురిలో నోరు విప్పింది.

"ఎక్కువ అని రాసినవాళ్ళని మెషిను దగ్గరికి రానివ్వకూడదు. అదే కదా వాళ్ళ రూలు?"

"అవును."

"అయితే అందర్నీ రాయండి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గట్టిగొంతు తొడ చరుచుకుని నవ్వింది. ఆ నవ్వుకు వాకిట్లో వాళ్ళు కూడా లోపలికి తొంగిచూశారు.

సోమవారం పొద్దున సైరన్ మోగింది. కుట్టు సెక్షన్ ఆడవాళ్ళు గేటులోకి వెళ్ళలేదు. మా షెడ్డు ముందు వరస కట్టారు. వరస గోడ చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది. బల్లల మీద పదకొండు నీలం పుస్తకాలు. మాలో ఒకతిని ఫోన్ దగ్గరే ఉంచాం.

నా బల్ల ముందు మొదట కూర్చుంది గట్టిగొంతే.

"రాయి అత్తా, నాకు పిచ్చి. పెళ్ళయిన రోజు నుంచే ఉంది!"

వరసంతా ఘొల్లుమంది.

"అబద్ధం రాయను," అన్నాను. "అడగాల్సింది అడుగుతాను. నిజం చెబితేనే రాస్తాను. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?"

"అడుగుతావేంటే, రోజూ..." అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. బల్ల అంచు పట్టుకుంది.

"మా అమ్మ పోయిన రోజు సెలవివ్వలేదు చూడు," అంది. గొంతు ఎంత తగ్గిందంటే నేను ముందుకు వంగాల్సి వచ్చింది. "షిఫ్టు అయ్యాక వెళ్ళాను. అప్పటికే తీసుకెళ్ళిపోయారు. ఆ సాయంత్రం అనిపించింది. ఆ తర్వాత కూడా... రెండు మూడు సార్లు. ఎవరికీ చెప్పలేదు. నేను గట్టిదాన్ని కదా."

వెనక నవ్వులు ఆగిపోయాయి. ఎత్తుగడగా మొదలైనది అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఏ ఒక్కరూ నవ్వుతూ కూర్చోలేదు. తమకు అలాంటిదేం లేదన్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని తక్కువ అనే రాశాం. కాని వాళ్ళు లోపలికి పోలేదు. పేరు రాయించుకుని బయటికి వచ్చినవాళ్ళని పట్టుకుని చెట్ల కింద కూర్చున్నారు. మాకు శిక్షణలో నేర్పిన పని వాళ్ళు ఎవరూ నేర్పకుండానే చేశారు.

కారణం దగ్గర ఉన్న నాలుగు మాటల మీదా గీత కొట్టాను. కింద రెండక్షరాలు రాశాను: పని. పక్క బల్లల వాళ్ళూ చూసి అదే రాశారు.

మధ్యాహ్నానికి నూట డెబ్బై మందిలో నూట ముప్పై ఒక్కరు ప్రమాదం ఎక్కువ కింద చేరారు. మెషిన్లు ఆగాయి. చిరునవ్వు సార్ పరుగున వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. అది లేకపోతే ఆయన్ని గుర్తుపట్టడమే కష్టమైంది.

"ఇవన్నీ దొంగ రాతలు!" అని అరిచాడు.

"అయితే గువ్వ గురించి రాసిందీ దొంగ రాతే. ఆమెని పనిలోకి తీసుకోండి," అన్నాను.

"అది వేరు."

"అదే పుస్తకం, అదే చెయ్యి, అదే మాట. అది నిజమైతే ఇదీ నిజమే. మెషిను దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి. రూలు కదా సార్. మా మంచికే."

వరసలోంచి ఎవరో అందుకున్నారు: "మా మంచికే!" ఆ మాట గోడ చివరిదాకా పాకింది. నూట డెబ్బై గొంతులు ఒకేసారి అంటే ఆ మాటకు ఇంకే అర్థం మిగల్లేదు.

మూడో రోజున ఫ్యాక్టరీ వెల్డర్ తన గ్యాసు బండి తోసుకుంటూ వచ్చాడు. "ఆ కిటికీలు మూసింది నేనే. నాకూ నిద్ర పట్టడం లేదు," అన్నాడు. పై అంతస్తుకు వెళ్ళి పన్నెండు కిటికీలూ కోశాడు. ఒక్కో రెక్క తెరుచుకుంటుంటే కింద జనం కేకలు పెట్టారు. పన్నెండోది తెరిచేసరికి పోలీసు బండ్లు వచ్చాయి. కిటికీలకు వెల్డర్‌నీ, రాతలకు నన్నూ ఎక్కించారు.

స్టేషన్‌లో నా వాంగ్మూలం వాళ్ళే రాసేశారు. మూడు పేజీలు. "సంతకం పెట్టమ్మా, వెళ్ళిపోదువుగాని," అన్నాడు ఎస్సై.

"చదివి పెడతాను."

"చదివేదేముంది? నువ్వు చెప్పిందే."

"నేనింకా ఏం చెప్పలేదు కదయ్యా."

కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, అక్షరం కింద వేలు పెట్టి మొదలుపెట్టాను. బయట జనం రోడ్డు నిండిపోయారు. ఎస్సై రెండుసార్లు టీ తాగాడు.

"ఇంకా ఎంతసేపు?"

"ఒత్తుల దగ్గర ఆలస్యమవుతుందయ్యా. ఏమనుకోకు."

మూడో పేజీలో దొరికింది. అక్కడ వేలు ఆపాను. లేచి కిటికీ చువ్వలు పట్టుకుని, బయటికి వినపడేలా, కూడబలుక్కుంటూ పైకి చదివాను:

"నాకు... చదువు... రాదు. డిగ్రీ చదివిన అమ్మాయి... నన్ను మోసం చేసి... రాయించినది."

రోడ్డంతా నవ్వు పేలింది. అందరికంటే పైన గట్టిగొంతు గొంతు: "ఇంకోసారి చదువు అత్తా! బాగా చదివావు!"

ఇంకోసారి చదివాను. ఈసారి తడబడలేదు. సంతకం పెట్టలేదు.

ఇవాళ్టికి లైను ఆగి పందొమ్మిది రోజులు. డిగ్రీ బయటే ఉంది. జిగురు సెక్షన్‌వాళ్ళు కూడా పేర్లు రాయించుకోవడానికి వచ్చారట. కేంద్రంలో నా కుర్చీలో గువ్వ కూర్చుంటోంది. ఫోన్ మోగిన ప్రతిసారీ ఎత్తుతోంది. నీలం పుస్తకాలు ఇప్పుడు ఆడవాళ్ళ దగ్గరే ఉన్నాయి, ఎవరి పేజీ వాళ్ళింట్లో.

ఇక్కడ నా గదిలో ఒక పిల్ల నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు. గోడ వైపే చూస్తోంది. ఈ కాగితం మడిచి వెళ్ళి పక్కన కూర్చోవాలి. తలుపుకు అడ్డం కూర్చోకూడదని అలవాటుగా పక్కకు జరుగుతాను. ఇక్కడి తలుపు ఇంకొకరి చేతిలో ఉంది. అయినా జరుగుతాను. అది ఎప్పటికీ అలాగే ఉండదు.

గుర్తమ్మ. అరవై ఒకటి. ఆడవాళ్ళ జైలు, రెండో గది, కిటికీ వైపు చాప.