గూళ్లు విన్న తప్పు

మదనపల్లెలో ఖాజా మొహిద్దీన్ రీలింగ్ షెడ్డులో ఉదయం ఎనిమిదింటికి పట్టుగూళ్లు వేడినీళ్లలో పడతాయి. దారం ఊడి వచ్చేకొద్దీ, పురుగులు గూడు కట్టుకునేటప్పుడు విన్న మాటలు బయటికొస్తాయి. ఏ అత్త ఏ కోడల్ని తిట్టిందో, ఏ ముసలాయన ఒంటరిగా పాట పాడుకున్నాడో, అన్నీ వింటూ అక్కడ పనిచేసే మున్నీ దారం కొసలు పట్టుకుంటుంది. తనకు రేడియో కొనే పని లేదని ఖాజా నవ్వుతుంటాడు.

ఆ రోజు పుంగనూరు బస్సు దిగి ఈశ్వరప్ప రొప్పుతూ వచ్చాడు. ముప్పయ్యేళ్లు కుప్పంలో పిల్లలకు సైన్స్ చెప్పి రిటైరైన మనిషి. తనతో ఒక్క మాటైనా చెప్పకుండా కొడుకు యశ్వంత్ ఇంట్లో పెంచిన పట్టుపురుగులు చావగా మిగిలిన గూళ్లు ఖాజాకు అమ్మేశాడు.

"అప్పుడే సగం ఏసేస్తిమే సార్," అన్నాడు ఖాజా.

పది పన్నెండు రోజుల కిందటి సంగతి. ఈశ్వరప్ప టమోటా తోటకు మందు కొట్టాడు. గాలి మల్బరీ వైపు ఉందని తెలిసీ, ఆగే ఓపిక లేక ఆ ఆకే కోసి పురుగులకు వేశాడు. తెల్లారేసరికి అవి పచ్చగా కక్కుకుని మెలికలు తిరిగాయి. చూడగానే అతనికి అర్థమైంది. భార్య మునెమ్మకు మాత్రం ఇంకో కారణం దొరికింది. కోడలు మమత బయటున్న రోజుల్లో, వాన జల్లు కొడుతోందని కిటికీ మూయడానికి పురుగుల షెడ్డులోకి వెళ్లింది. ముట్టు తగిలి పురుగులు చచ్చాయంది మునెమ్మ.

"అట్ల జరుగుతాదా నాయనా?" అని యశ్వంత్ అడిగాడు.

ఒక్క ముక్క నిజం చెబితే సరిపోయేది. "పెద్దోళ్లు ఊరికే అనరు కదప్పా," అన్నాడు ఈశ్వరప్ప. అన్న మరుక్షణం సిగ్గుతో చితికిపోయాడు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. మమతను కుప్పంలో పుట్టింటికి పంపేశారు. బతికి బట్టకట్టిన కొన్ని పురుగులు గూడు కడుతుంటే, ఆ సాయంత్రం వాటి ముందు కూర్చుని ఏడ్చాడు.

ఇప్పుడు ఆ ఏడుపే నీళ్లలోంచి వస్తోంది. "నేనే సంపితిని. నా మందే. ఆ బిడ్డ తప్పేం లేదు."

మున్నీ చెయ్యి ఆగింది. ఖాజా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"తీసి పారేయమంటారా సార్? ఇంటి గుట్టయితే మేం వినం."

అవునందామనే ఉంది ఈశ్వరప్పకు. కానీ జేబులోంచి ఫోన్ తీసి, మమతకు చేసి, నీళ్ల దగ్గర పెట్టాడు. మున్నీ మళ్లీ దారం తిప్పింది.

"మామా," అంది మమత అదంతా విని. "నేను కూడా నా వల్లే సచ్చినాయనుకుంటి."

"బీయస్సీ చదివినావు కదమ్మా, యాల నమ్మినావు?"

"మీరు చెప్పినారు గదా మామా. నేను మీ క్లాసులో కూర్చున్నప్పుడు కప్ప గుండె యాడుంటాదో మీరే చూపిస్తిరి. అది నమ్మితి, ఇదీ నమ్మితి."

ఈశ్వరప్ప ఫోన్ చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకున్నాడు.

"ఈడ స్కూల్లో సైన్స్ చెప్పమని పిలిస్తే, ఏ మొగం పెట్టుకోని చెప్పేదని పోలేదు. రేపు పోయి చేరతా."

"ఇంటికి రా తల్లీ."

"ఇప్పుడు రాను మామా. ముందు అత్తమ్మకు చెప్పండి."

ఫోన్ పెట్టేశాక ఈశ్వరప్ప ఇంకా ఉడకని గూళ్లు ఒక గుప్పెడు అడిగి సంచిలో వేసుకున్నాడు. మునెమ్మకు తన నోటితో చెప్పగలనన్న నమ్మకం అతనికి లేదు.